బీపీ చూశాం, షుగర్ చూశాం... మరి కండ బలం?

ఊళ్ళో ఆరోగ్య శిబిరం పెడితే ఏమేం చూస్తారో మనందరికీ తెలుసు. ముందు బరువు తూస్తారు. చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తారు. వేలి కొన గుచ్చి షుగర్ చూస్తారు. కొన్నిచోట్ల ఈసీజీ కూడా తీస్తారు. అన్నీ కాగితం మీద రాసి చేతికిస్తారు. ఆ కాగితం అందుకున్న అరవై అయిదేళ్ల మనిషి కుర్చీ చేతుల మీద బరువంతా ఆనించి, ఒకటికి రెండుసార్లు ఊగి, ఎలాగో లేచి నిలబడతారు. అది మాత్రం ఎవరూ రాసుకోరు. వయసు మీద పడింది కదా అనుకుంటారు.

కాగితంలో ఉన్న అంకెలంత ముఖ్యమైన సమాచారం ఆ లేవడంలో ఉంది. మన శరీర బరువులో సుమారు 30 నుంచి 40 శాతం అస్థి కండరాలే. ఇంత పెద్ద భాగం ఎలా పనిచేస్తోందో తెలుసుకోవడానికి మన ఆరోగ్య పరీక్షల్లో ఒక్క గడి కూడా లేదు. బీపీ, షుగర్‌ల సరసన కండ బలాన్నీ కొలిచి రాయాలి, అదీ ఊరి ఆరోగ్య కేంద్రం స్థాయిలోనే మొదలుకావాలి అన్నది ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న మాట.

కండ అంటే వస్తాదేనా?

కండ అనగానే మనకు కోడి రామ్మూర్తి నాయుడి లాంటి మల్లయోధులు గుర్తొస్తారు, లేదా జిమ్‌లో అద్దం ముందు నిలబడ్డ కుర్రాళ్ళు గుర్తొస్తారు. కండ అంటే మగవాళ్ళదనీ, వయసులో ఉన్నవాళ్ళదనీ, అందానికో పోటీకో సంబంధించినదనీ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. శ్రీకాకుళం జిల్లా ఆడపిల్ల కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్య పతకం తెచ్చి పాతికేళ్ళు దాటింది. అయినా యాభై ఏళ్ల ఇల్లాలిని బరువులతో వ్యాయామం చెయ్యమంటే ఇంట్లో వాళ్ళు నవ్వుతారు. ఆవిడ రోజూ ఎత్తే నీళ్ళ బిందె, బియ్యం మూట మాత్రం ఎవరి లెక్కలోకీ రావు.

ముందు ఈ కండరం ఎలాంటిదో ఒకసారి చూద్దాం.

మన ఒంట్లో కండరాలు మూడు రకాలు. గుండెను కొట్టుకునేలా చేసేది హృదయ కండరం. పేగులు, రక్తనాళాలు, గర్భాశయం వంటి వాటి గోడల్లో ఉండేవి నునుపు కండరాలు. ఈ రెండూ మనం చెప్పకుండానే తమ పని తాము చేసుకుపోతాయి. మూడోవి ఎముకలకు అతుక్కుని, మన మాట వినే అస్థి కండరాలు. ఇవి 600కు పైగా ఉంటాయి. కండరం లాగగలదే గాని నెట్టలేదు. అందుకే చాలా చోట్ల ఇవి జంటలుగా పనిచేస్తాయి. మోచెయ్యి ముడవడానికి ముందువైపు కండరం లాగితే, చాచడానికి వెనకవైపు కండరం లాగుతుంది. కుర్చీలోంచి లేవడం మనకు ఒకే పనిలా అనిపిస్తుంది. నిజానికి తొడ ముందుభాగం కండరాలు మోకాలిని చాపాలి, పిరుదు కండరాలు తుంటిని నిటారు చెయ్యాలి, పిక్కలు, నడుము కండరాలు ఒళ్ళు తూలకుండా కాయాలి. వీటిలో ఏది నీరసించినా ఆ భారం చేతుల మీద పడుతుంది.

కండరం లోపలి నిర్మాణం పగ్గం లాంటిది. పగ్గంలో పేటలు, పేటల్లో పోగులు ఉన్నట్టే కండరంలో తంతువుల కట్టలు, కట్టల్లో తంతువులు ఉంటాయి. ఒక్కో తంతువు ఒక్కో పొడవాటి కణం. దానిలో మరింత సన్నని పోగులు. ఆ పోగుల పొడవునా సార్కోమియర్లనే చిన్న చిన్న గదులు వరసగా ఉంటాయి. ఒక మిల్లీమీటరు పొడవులో ఇవి నాలుగైదు వందలు పడతాయి. ఒక్కో గదిలో సన్నని యాక్టిన్ పోగులు, లావుపాటి మయోసిన్ పోగులు ఎదురెదురుగా అమరి ఉంటాయి.

కండరం ముడుచుకున్నప్పుడు ఈ పోగులు పొట్టివి అవుతాయేమోనని చాలాకాలం అనుకున్నారు. అలా కాదనీ, పోగులు ఒకదాని మీదుగా ఒకటి జారుతాయనీ 1954లో రెండు పరిశోధక బృందాలు నేచర్ పత్రిక ఒకే సంచికలో ప్రకటించాయి. ఒక బృందంలో ఆండ్రూ హక్స్‌లీ, రాల్ఫ్ నీడర్‌గెర్కే ఉన్నారు. రెండో బృందంలో హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఉన్నారు. నూతిలోంచి చేదను పైకి లాగేటప్పుడు తాడును చేతులు మార్చి మార్చి పట్టుకుని లాగుతాం కదా. మయోసిన్ పోగు మీదుండే బుడిపెలు యాక్టిన్‌ను అలాగే పట్టుకుని, లాగి, వదిలి, మళ్ళీ పట్టుకుంటాయి. నాడి నుంచి సంకేతం రాగానే తంతువు లోపల కాల్షియం విడుదలవుతుంది, పట్టు మొదలవుతుంది. పట్టు వదలాలంటే ఏటీపీ అనే అణువు కావాలి. చనిపోయాక శరీరం బిగుసుకుపోవడానికి కారణం ఇదే. ఏటీపీ అయిపోయాక బుడిపెలు పట్టు వదల్లేవు.

ఈ కథలో ఒక తెలుగువాడి పేరు ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని గుర్తించారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. ఇంచుమించు అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు. కండరంలో సిద్ధంగా ఉండే ఏటీపీ గట్టిగా పనిచేస్తే రెండు మూడు సెకన్లకు మించి రాదు. దాన్ని వెంటనే తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటిన్. కాలు జారినప్పుడు మనిషి తూలి నిలదొక్కుకునే ఆ ఒక్క క్షణం ఈ రెంటి మీదే ఆధారపడి ఉంది.

చక్కెరకు పెద్ద గోదాము

కండరం పని కదలికతో ఆగిపోదు. తిన్న అన్నం గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి వస్తుంది. ఇన్సులిన్ ప్రభావంతో ఆ గ్లూకోజ్‌ను అందరికంటే ఎక్కువగా తీసుకునేది అస్థి కండరమే. అది కొంత వాడుకుని, కొంత గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. కాలేయం దాచేది సుమారు 100 గ్రాములైతే, కండరాలన్నీ కలిపి దాచేది అంతకు మూడు నాలుగు రెట్లు ఉంటుంది. పైగా పనిచేస్తున్న కండరానికి మరో సౌకర్యం ఉంది. దానిలోని గ్లూట్-4 అనే ద్వారాలు ఇన్సులిన్ చెప్పకపోయినా తెరుచుకుంటాయి. మధుమేహం ఉన్నవాళ్ళను నడవమనీ, వ్యాయామం చెయ్యమనీ డాక్టర్లు చెప్పడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైమాటేనని ఆ సర్వే అంచనా. ఇంతమంది రక్తంలో చక్కెరను కొలుస్తున్నాం, మందులిస్తున్నాం. ఆ చక్కెర చేరవలసిన గోదాము ఎంత ఉందో, ఎలా ఉందో మాత్రం అడగడం లేదు.

సన్నగా ఉన్నంత మాత్రాన

బరువు తూస్తున్నాం కదా, అది చాలదా అనవచ్చు. చాలదని చెప్పడానికి ఒక ఫొటో ఉంది. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు శాస్త్రవేత్తలు తమ ఫొటోనే అచ్చువేశారు. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఏ చార్టు ప్రకారం చూసినా ఇద్దరూ ఆరోగ్యవంతులే. శరీరంలో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. బరువు తూచే యంత్రం ఈ తేడాను పట్టుకోలేదు. భారతీయుల్లో చాలామంది చూడటానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు ఎక్కువగా, కండ తక్కువగా ఉంటుందనీ, ఇది పుట్టిన బిడ్డల్లోనే కనిపిస్తుందనీ యాజ్ఞిక్ బృందం పరిశోధనలు చూపించాయి.

అంటే మనం చిన్న మూలధనంతో బతుకు మొదలుపెడుతున్నాం. వయసుతో పాటు అదీ ఖర్చవుతుంది. ముప్ఫై దాటాక పదేళ్ళకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తరుగుతుంది. అరవై తర్వాత ఆ వేగం పెరుగుతుంది. కండ కంటే బలం ఇంకా వేగంగా తగ్గుతుంది, ఎందుకంటే కండరాన్ని నడిపే నాడీకణాలు కూడా తగ్గుతూ వస్తాయి. కండర తంతువుల్లో నిదానంగా, ఎక్కువసేపు పనిచేసేవి ఒక రకం, చప్పున బలంగా ముడుచుకునేవి మరో రకం. వయసు ముందు దెబ్బతీసేది ఈ రెండో రకాన్ని. అందుకే నెమ్మదిగా రెండు కిలోమీటర్లు నడవగలిగే పెద్దాయన కూడా స్నానాల గదిలో కాలు జారితే నిలదొక్కుకోలేకపోతారు. తుంటి ఎముక విరిగిందని అంటాం. ఎముక కంటే ముందు ఓడిపోయింది కండరం.

ఇలా కండ, బలం తరిగిపోవడానికి 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ 'సార్కోపీనియా' అని పేరు పెట్టారు. పేరు పెట్టడం వల్ల ఒక మేలు జరిగింది. అప్పటిదాకా ముసలితనం అని సరిపెట్టుకున్నది ఆ తర్వాత కొలవదగిన, చికిత్స చెయ్యదగిన స్థితి అయింది. మనదగ్గర ఆ మార్పు ఇంకా ఆస్పత్రి గుమ్మం దాటి ఊళ్ళోకి రాలేదు.

కొలవడానికి గడియారం చాలు

కండ బలాన్ని కొలవడానికి ఖరీదైన స్కానింగులు అక్కర్లేదు. పిడికిలి బలం కొలిచే డైనమోమీటర్ అనే చిన్న పరికరం ఉంది. భారత్‌తో సహా 17 దేశాల్లో సుమారు లక్షా 40 వేల మందిని పరిశీలించిన ప్యూర్ అధ్యయనం 2015లో లాన్సెట్‌లో వచ్చింది. పిడికిలి బలం 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణించే ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. ఆ ముప్పును సూచించడంలో పిడికిలి బలం బీపీలోని పై అంకె కంటే మెరుగ్గా ఉందని కూడా తేలింది. దీని అర్థం రబ్బరు బంతి నొక్కుతూ కూర్చుంటే ఆయుష్షు పెరుగుతుందని కాదు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు, ఒళ్ళంతటి కండ స్థితికి పిడికిలి ఒక గుర్తు.

ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో దీనికి అంకెలు కూడా ఇచ్చింది. పిడికిలి బలం మగవాళ్ళలో 28 కిలోల కంటే, ఆడవాళ్ళలో 18 కిలోల కంటే తక్కువుంటే కండ బలహీనపడినట్టు లెక్క. పరికరం లేనిచోట కుర్చీ చాలు. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఆసరా లేకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవాలి. 14 సెకన్లలో పూర్తి చెయ్యలేకపోతే మరింత పరీక్ష అవసరమని పెద్దవాళ్ళ సంరక్షణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. తూలిపడకుండా పక్కన ఒకరు నిలబడితే చాలు, ఆశా కార్యకర్త చేతి గడియారంతో ఈ పరీక్ష చెయ్యగలరు.

మన దేశానికి ఇది కొత్త కూడా కాదు. 2017-18లో జరిగిన లాసీ అనే వయోవృద్ధుల సర్వేలో 72 వేల మందికి పైగా పాల్గొన్నారు. అందులో పిడికిలి బలం కొలిచారు. సర్వే కోసం ఊరూరా తిరిగి కొలవగలిగినప్పుడు, వైద్యం కోసం ఊరి కేంద్రంలో ఎందుకు కొలవలేం? ముప్ఫై దాటిన వారందరికీ బీపీ, మధుమేహం, కొన్ని రకాల క్యాన్సర్ల పరీక్షలు చెయ్యాలన్న జాతీయ కార్యక్రమం ఇప్పటికే నడుస్తోంది. యాభై దాటినవారికి ఆ కార్డులోనే ఇంకో గడి చేర్చమని అడుగుతున్నాం, అంతే. మన జనాభాకు సరిపోయే అంకెలు ఏవో ఆ గడులు నిండితేనే స్పష్టంగా తేలతాయి.

అభ్యంతరాలు

కొలిచి ఏం లాభం, వయసు ఆగుతుందా అని మొదటి ప్రశ్న. దీనికి 1990లోనే జవాబు దొరికింది. అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో ఉండే, సగటున 90 ఏళ్ళ వయసున్న పదిమందికి మరియా ఫియాటరోన్ బృందం ఎనిమిది వారాల పాటు బరువులతో కాళ్ళ వ్యాయామం చేయించింది. పూర్తిచేసిన తొమ్మిదిమందిలో కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ల కండరం కూడా పని చెబితే వింటుంది. దీనికి ఎదురు ఉదాహరణ 2007లో వచ్చింది. సగటున 67 ఏళ్ళున్న పన్నెండుమంది ఆరోగ్యవంతులను పది రోజులు మంచం మీదే ఉంచితే కాళ్ళలోనే దాదాపు కిలో కండ పోయింది. జ్వరం వచ్చినా, ఆపరేషన్ అయినా 'కదలకుండా పడుకోండి' అని ప్రేమగా చెప్పే మన ఇళ్ళు ఈ అంకె గుర్తుంచుకోవాలి. డాక్టరు లేచి తిరగమన్నప్పుడు, మంచం మీద ఉంచడం సేవ అనిపించుకోదు.

జీవితమంతా కష్టపడి పనిచేసే కూలీలకు వ్యాయామం గురించి చెప్పడం ఏమిటన్నది రెండో ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్నే. నాట్లు వేసి, మూటలు మోసిన శరీరానికి పని తక్కువై కండ పోలేదు. చాలీచాలని తిండి, చికిత్స లేని మోకాళ్ళ నొప్పులు, ఒంట్లో శక్తి తగ్గగానే పని ఆగిపోవడం వాళ్ళను దెబ్బతీస్తాయి. వాళ్ళకు కావలసింది వ్యాయామం మీద ఉపన్యాసం కాదు. మంచి తిండి, నొప్పికి చికిత్స కావాలి. అది ఎవరికి అవసరమో తెలియాలన్నా ముందు కొలవాలి కదా.

మూడో ప్రశ్న తిండి గురించే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవాళ్ళకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ ఉండాలని సిఫారసు చేసింది. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. ఇది డబ్బాల్లో అమ్మే పొడుల వల్లే వస్తుందనుకోవడం పొరపాటు. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేప, శనగలు, గుప్పెడు పల్లీలు ఉంటే చాలు. మన కంచంలో చిక్కు మరోచోట ఉంది. గుట్టలా అన్నం, దానిమీద పప్పుచారు. ఆ చారులో పప్పెంత, నీళ్ళెంత అన్నదే అసలు లెక్క. ఇంట్లో పెద్దవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, అందరూ తిన్నాక మిగిలినదానితో సరిపెట్టుకునే అలవాటు ఈ లెక్కను ఇంకా దిగజారుస్తుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పినంతే తీసుకోవాలి.

చివరగా ఒక భయం. కండ పరీక్ష అనగానే ఆస్పత్రులు, ల్యాబులు కొత్త ప్యాకేజీలు అమ్మడం మొదలుపెడతాయేమో అని. ఆ భయం అకారణం కాదు. ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లకు గిరాకీ పెరిగింది. వాటితో తగ్గే బరువులో కొవ్వుతో పాటు కొంత కండ కూడా పోతుంది. అంటే కండ సంగతి మార్కెట్ తప్పకుండా ఎత్తుకుంటుంది. అంతకుముందే ప్రభుత్వ వ్యవస్థ దాన్ని ఒక కుర్చీ, ఒక గడియారంతో అందరికీ ఉచితంగా అందుబాటులోకి తేవాలి.

చెయ్యవలసింది ఏమిటి?

ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో, ఊరి ఆరోగ్య కేంద్రాల్లో యాభై దాటిన ప్రతివారికీ ఏడాదికోసారి కుర్చీ పరీక్ష చెయ్యాలి. లేవలేకపోయినవారిని మోకాలి నొప్పా, నరాల సమస్యా, కండ బలహీనతా అని డాక్టరు చూడాలి. జిల్లా ఆస్పత్రి దాకా వెళ్ళనవసరం లేకుండా ఫిజియోథెరపిస్టు వారానికొకసారైనా ఊరికి రావాలి. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపే కాగితంలో మందులతో పాటు ఏ రోజు నుంచి లేచి నడవాలో, ఏ వ్యాయామం చెయ్యాలో రాసి ఉండాలి.

మనం ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా చేసుకోగలిగింది కూడా ఉంది. పెద్దవాళ్ళు వారానికి 150 నిమిషాల నడక వంటి శ్రమతో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మనలో చాలామంది నడక దగ్గరే ఆగిపోతున్నారు. మెట్లెక్కడం, గోడకు చేతులానించి ఒంటిని ముందుకు వెనక్కు నెట్టడం, నీళ్ళ సీసాలతో చేతుల వ్యాయామం, కుర్చీలోంచి నెమ్మదిగా లేచి కూర్చోవడం వంటివి ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు ముందు డాక్టరును అడగాలి.

వచ్చే ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ళను గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, పక్కనే నిలబడి, అయిదుసార్లు లేచి కూర్చోమనండి. గడియారం చూడండి. ఆ అంకెను వాళ్ళ షుగర్ రిపోర్టు మీదే, తేదీ వేసి రాయండి. ఆరునెలల తర్వాత మళ్ళీ చూడండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ కాగితం చూపించి, దీనికేం చెయ్యాలని అడగండి. అలా అడిగేవాళ్ళు పెరిగితే, ఆ గడి ప్రభుత్వ కార్డులోకి కూడా వస్తుంది.